సభకు జడిసే మంత్రివర్గం

వత్సవాయి మండలం దాటితే ఖమ్మం జిల్లా. 2014 జూన్ 2 నుంచి అది పక్క రాష్ట్రం. ఏ రాష్ట్రంలో ఉండాలో, ఏ సభకు ఓటేయాలో ఇక్కడి పెద్దల జీవితకాలంలోనే మూడుసార్లు మారింది: మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి. అందుకే చట్టసభల చరిత్ర ఇక్కడ ఇంట్లో మాట్లాడుకునే విషయం. ఈ వాదనలో ఇద్దరున్నారు. ఒకరు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. రెండో మనిషి ఆయన అన్నగారి కూతురు, నందిగామ కోర్టులో వకీలు. కుదురైన మంత్రివర్గం ఉంటే చాలు, సభ దానికి అడ్డం రాకూడదని ఆయన పట్టు. సభ అంటే భయం లేని మంత్రివర్గం ఎంత కుదురుగా ఉన్నా జనానికి ఒరిగేది లేదని ఆమె పట్టు.

బాబాయి: ముందు ఇది చెప్పమ్మా. మన మెట్టకు నాగార్జునసాగరు నీళ్లొచ్చింది అసెంబ్లీలో ఉపన్యాసాల వల్లా, నిలకడగా కూర్చుని పనిచేసిన మంత్రివర్గాల వల్లా? 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్లలో ముఖ్యమంత్రులు నలుగురే. గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, సంజీవయ్య, బ్రహ్మానందరెడ్డి. అందరిదీ ఒకటే పార్టీ. ఆరు నెలలకోసారి మంత్రివర్గం పడిపోతుంటే అంత రాతి కట్టడం ఎవరు పూర్తి చేసేవాళ్లు?

అమ్మాయి: కట్టింది మంత్రివర్గాలే బాబాయ్, కాదనను. కానీ అక్కడే కట్టాలని పట్టుబట్టిందెవరు? మద్రాసు ప్రభుత్వం కృష్ణా–పెన్నా పథకం అంటూ నీళ్లు దక్షిణానికి మళ్లించే ఆలోచనలో ఉన్నప్పుడు నందికొండే సరైన చోటని ఊరూరా తిరిగి, ఢిల్లీ దాకా వెళ్లి, సొంత డబ్బు ఖర్చు పెట్టి పోరాడింది మన ముక్త్యాల రాజా. 1952లో చోటు చూడడానికి ఖోస్లా కమిటీ వచ్చినప్పుడు వాళ్ల జీపులు నందికొండ దాకా పోవడానికి దారి లేకపోతే జనాన్ని పెట్టి బాట వేయించారాయన. అంటే ప్రభుత్వాన్ని నిలదీసిన వాళ్లుంటేనే పని జరిగింది. నేను అడిగేది ఆ నిలదీయడమే. అది ఒక రాజా గారి ఓపిక మీద, ఆస్తి మీద ఆధారపడకూడదు. అందుకే సభ పెట్టుకున్నాం.

బాబాయి: సభ పెట్టుకుంది మనం కాదు, తెల్లవాళ్లు పెట్టారు. 1920లో ద్వంద్వ పాలన అని మొదలెట్టారు. విద్య, వైద్యం, స్థానిక పాలన మంత్రులకిచ్చి, డబ్బూ పోలీసూ గవర్నరు చేతిలో ఉంచుకున్నారు. ఓటు హక్కు ఆస్తిపరులకే. దాన్ని సభ అంటావా?

అమ్మాయి: ఆ కురచ సభే ఏం చేసిందో చూడండి. 1923 నవంబరులో పానగల్లు రాజా మంత్రివర్గం మీద కట్టమంచి రామలింగారెడ్డి గారు అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఈ దేశంలో ఏ చట్టసభలోనైనా అదే మొదటిది. పెట్టినాయనా తెలుగువాడే, జవాబు చెప్పినాయనా తెలుగువాడే. 65–44 ఓట్లతో వీగిపోయింది. వీగిపోతేనేం? మంత్రి అనేవాడు సభలో నిలబడి తన పదవి ఎందుకు ఉండాలో చెప్పుకోవాలన్న ఆనవాయితీ ఆ రోజు పుట్టింది. ఆ తర్వాత పానగల్లు రాజా ప్రభుత్వంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం వచ్చింది. 1926లో బెజవాడలోనే మొదలైంది. దానికి మొదటి వైస్ చాన్సలర్ ఎవరు? తన మీద అవిశ్వాసం పెట్టిన రామలింగారెడ్డి గారే. ఇవాళ ప్రతిపక్షంలో ఉన్న మనిషికి ఏ మంత్రివర్గమైనా అలాంటి బాధ్యత అప్పజెప్పడం చూశారా మీరు?

బాబాయి: చూడలేదు. అది వాళ్ల పెద్దరికం. కానీ అవిశ్వాసం నెగ్గితే ఏమవుతుందో నేను చెబుతా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం పెట్టి తెచ్చారు. కర్నూల్లో డేరాల్లో ఆఫీసులు పెట్టుకుని, ఎనభై దాటిన ప్రకాశం గారు ముఖ్యమంత్రిగా కూర్చున్నారు. సభలో 140 మంది. ఎవరికీ సొంతంగా మెజారిటీ లేదు. 1954 నవంబరు 6న మద్య నిషేధం విషయంలో ఒక్క ఓటు తేడాతో ఆయన్ని దించేశారు. ఒక్కటంటే ఒక్క ఓటు! ఏడాది నిండి నెల దాటిందంతే. రాష్ట్రపతి పాలన వచ్చింది. పుట్టిన రాష్ట్రానికి అంత చేటు ఇంకెవరైనా చేశారా?

అమ్మాయి: ఆ ఓటింగు మనం చాలా తేలిగ్గా తీసిపారేస్తాం బాబాయ్. కాసేపు దాని దగ్గర ఆగుదాం. నిషేధం వల్ల కల్లుగీత కార్మికుల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. నిషేధం ఎలా నడుస్తోందో చూడమని ప్రభుత్వమే రామమూర్తి కమిటీ వేసింది. ఎత్తేయమని ఆ కమిటీ చెప్పింది. తాను వేసిన కమిటీ మాట తానే వినలేదు ప్రభుత్వం. గౌతు లచ్చన్న గారున్న కృషికార్ లోక్ పార్టీ గీత కార్మికుల పక్షాన నిలబడింది. ఎవరూ హోటల్లో దాక్కోలేదు. బస్సుల్లో ఎక్కించి పక్క రాష్ట్రం తీసుకుపోలేదు. సభలోనే మాట్లాడుకుని, సభలోనే చెయ్యెత్తారు. ప్రకాశం గారంతటి మనిషి, తుపాకీకి గుండె చూపించిన మనిషి, ఆ ఒక్క ఓటుకు తల వంచారు. ఆయన జీవితంలో అది ఓటమి అని మీరంటారు. సభ మాటను శిరసావహించిన రోజని నేనంటాను.

బాబాయి: తర్వాత ఏమైంది? 1955 ఎన్నికల్లో జనం ఏం తీర్పిచ్చారు? 196 స్థానాల్లో కాంగ్రెసు కూటమికి 146. మన కృష్ణా జిల్లాను కంచుకోట అనుకున్న కమ్యూనిస్టులకు రాష్ట్రమంతా కలిపి 15. జనం నిలకడే కోరారు.

అమ్మాయి: ఆ పదిహేను సీట్ల వెనక ఓట్లెన్నో కూడా చెప్పండి. దగ్గర దగ్గర 31 శాతం. మన పల్లెల్లో ప్రతి ముగ్గురిలో ఒకరు వేసిన ఓటు సభలో దాదాపు కనపడకుండా పోయింది. కూలి రేట్ల గురించీ కౌలు గురించీ గొంతెత్తేవాళ్లు తగ్గిపోయారు. నిలకడకు జనం కట్టిన మూల్యం అది.

బాబాయి: సరే, నీ సభ గొప్పదనం ఒకటి నేనే చెబుతా, విను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మొదటి స్పీకరు ఎవరు? అయ్యదేవర కాళేశ్వరరావు గారు. మన నందిగామలో పుట్టినాయన. గ్రంథాలయోద్యమం, జైళ్లు, చరిత్ర గ్రంథాలు, విశాలాంధ్ర కోసం ఊరూరా సభలు. అలాంటి మనిషి కుర్చీలో కూర్చుంటే సభకు గౌరవం. అప్పట్లో ఆంధ్ర నుంచి 1955లో గెలిచినవాళ్లు, తెలంగాణ నుంచి 1957లో గెలిచినవాళ్లు, వేర్వేరు ఎన్నికల్లో వచ్చిన రెండు జట్లు ఒకే సభలో కూర్చున్నాయి. 301 మంది. కొత్తగా కలిసినవాళ్లు, ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవాళ్లు. వాళ్లని ఒక సభగా నడిపింది ఆయన.

అమ్మాయి: ఆ సభ తను ఇచ్చిన మాట నిలబెట్టుకుందా? అది కదా అసలు ప్రశ్న. 1955 నవంబరు 25న కర్నూలు సభ తెలంగాణ ప్రయోజనాలు కాపాడతామని తీర్మానం చేసింది. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. మంత్రివర్గంలో అరవై–నలభై పాళ్లు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు. కానీ మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేడు. ఆ రోజున సభ లేచి, ఒప్పందం ఏమైందని మంత్రివర్గం గొంతు పట్టుకుని అడగాలి. గట్టిగా అడగలేదు. అడిగి ఉంటే 1969 తెలంగాణ ఉద్యమం అలా ఉండేది కాదు, 1972 జై ఆంధ్ర ఉద్యమం అలా ఉండేది కాదు. 1973లో తెలంగాణ ప్రాంతీయ సంఘాన్ని కూడా ఎత్తేశారు. సభ అడగాల్సిన రోజున అడగకపోతే అదే మాట యాభై ఏళ్ల తర్వాత రోడ్డెక్కి అడిగింది. దాని ఫలితం మన ఊరి సరిహద్దు.

బాబాయి: అక్కడికే వద్దామనుకున్నా. 2014 జనవరి 30. విభజన బిల్లును మన అసెంబ్లీ మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. సభ కాదంది కదా! ఏం జరిగింది? ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఔనన్నాయి. రాజ్యాంగం మూడో అధికరణంలో రాష్ట్ర సభ అభిప్రాయం అడిగితే చాలు, వినక్కర్లేదు. నువ్వు ఇంత గొప్పగా చెప్పే సభ, తన ఇంటిని రెండుగా చీలుస్తుంటే ఆపలేకపోయింది. సాగరు ఎడమ కాలువ నీళ్లు తెలంగాణ దాటుకుని మన చివరి భూములకు రావాలి. ఇప్పుడు ప్రతి తడికీ కృష్ణా బోర్డు మొహం చూస్తున్నాం. ఆ రోజు అంతమంది ఎమ్మెల్యేలు చేతులెత్తి అరిచిన అరుపు మన మిర్చి చేలకు ఒక్క తడి నీళ్లు తెచ్చిందా?

అమ్మాయి: తేలేదు. ఆ విషయంలో మీ బాధ నా బాధే. కానీ ఆ తీర్మానం ఎందుకు తేలిపోయింది? యాభై ఏళ్లు ఏ సభా ఢిల్లీకి వినపడేలా మాట్లాడలేదు కాబట్టి. ఇక్కడ ముఖ్యమంత్రుల్ని తేల్చింది సభ్యులు కాదు, అధిష్ఠానం. 1978 నుంచి 1983 లోపు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి, అయిదేళ్లలో నలుగురు మారారు. సభలో ఒక్కరి మీదా అవిశ్వాసం నెగ్గలేదు. ఢిల్లీ నుంచి కబురొచ్చింది, దిగిపోయారు. అంజయ్య గారు అందర్నీ సర్దుకోవడానికి 61 మందితో మంత్రివర్గం కట్టారు. మీరు చెప్పే నిలకడ ఎక్కడుంది ఇందులో? సభకు జడవకపోతే మంత్రివర్గం స్వతంత్రంగా ఉంటుందనుకోవద్దు. ఇంకెవరికో జడుస్తుంది.

బాబాయి: అందుకే ఎన్టీఆర్ వచ్చాడు. 1983 జనవరిలో. రెండు రూపాయల బియ్యం, కరణాలూ మునసబులూ రద్దు, తర్వాత మండలాలు. జమాబందీకీ అడంగలుకీ నందిగామ తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లం. వత్సవాయి మండలమైంది, ఆఫీసు ఊళ్లోకొచ్చింది. 1984 జనవరిలో కరణాల రద్దు ఆర్డినెన్సుతో ఒక్క రాత్రిలో అయిపోయింది. సభలో చర్చ పెడితే కరణాల బంధువులంతా అడ్డం పడి పదేళ్లు సాగదీసేవాళ్లు. గట్టి నాయకుడుంటే జరిగేది ఇదీ. మన నందిగామ నుంచి వసంత నాగేశ్వరరావు గారు ఆయన మంత్రివర్గంలో హోం మంత్రిగా పనిచేశారు. మన మెట్ట మాట హైదరాబాదులో వినపడిన రోజులవి.

అమ్మాయి: అలాంటి ఆర్డినెన్సే 1983 ఫిబ్రవరిలో ఏం చేసిందో మీకే బాగా తెలియాలి బాబాయ్. రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించారు. మీ స్కూల్లో పెద్ద మాస్టార్లు ఒక్క రోజులో ఇంటికెళ్లారు. పిల్లల పెళ్లిళ్లు కావాల్సినవాళ్లు, ఇంకా చదువులు చెప్పించాల్సినవాళ్లు. సభలో చర్చ జరిగి ఉంటే ఒక్కడైనా లేచి అడిగేవాడు. ఆ తర్వాత మళ్లీ 58 చేశారు. ఒక్క రాత్రిలో మంచి చేయగల చెయ్యి ఒక్క రాత్రిలో చెడూ చేస్తుంది. 1989లో అదే చెయ్యి మంత్రులందరినీ ఒక్కసారిగా తీసేసింది. 2022 ఏప్రిల్లో జగన్ గారూ 24 మంది చేత రాజీనామా చేయించి కొత్త మంత్రివర్గం కట్టారు. ఏ మంత్రి బాగా చేశాడు, ఏ మంత్రి చెడగొట్టాడు అనే మాట రెండుసార్లూ సభలో రాలేదు.

బాబాయి: 1984 మర్చిపోకు. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని తీసేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టాడు. నెల రోజులు ఊళ్లన్నీ అట్టుడికిపోయాయి. మేమూ జగ్గయ్యపేటలో ఊరేగింపుల్లో నడిచాం. ఎమ్మెల్యేలను కర్ణాటకలో దాచారు, రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. సెప్టెంబరు 16న ఆయన్ని తిరిగి కూర్చోబెట్టింది సభ కాదు, జనం.

అమ్మాయి: జనం ఏమని అడిగారు? "సభలో బలం లెక్కపెట్టండి" అనే కదా! మీరు ఊరేగింపులో నడిచింది సభ కోసమే. తర్వాత 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు దాన్నే రాసింది. బలాబలాలు తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో అని. కానీ ఏడాదిన్నర తిరక్కుండానే, 1995 ఆగస్టులో, అదే ఎన్టీఆర్ కుర్చీ పోవడం ఎక్కడ తేలింది? వైస్రాయ్ హోటల్లో. 1984లో వీధుల్లోకి వచ్చిన జనం 1995లో రాలేదు. సభను కాపాడుకునే అలవాటు మనకు ఆ పదేళ్లలోనే పోయింది. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది అదే.

బాబాయి: ఫిరాయింపుల చట్టం 1985లోనే వచ్చింది కదా. దానివల్ల కుదురొచ్చిందా లేదా?

అమ్మాయి: ఎమ్మెల్యేకి నోరు పోయింది, గోడ దూకడం మాత్రం పోలేదు. విప్ జారీ అయితే నీళ్ల మీదైనా, భూముల మీదైనా సొంత మాట లేదు. ప్రకాశం గారిని దించిన ఓటులాంటిది ఇవాళ వేస్తే సభ్యత్వం ఊడుతుంది. 2011 డిసెంబరులో రైతుల సమస్యల మీద కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వంపై అవిశ్వాసం వచ్చింది. విప్ కాదని ఓటేసిన వాళ్ల పదవులు పోయాయి. వాళ్ల ఉద్దేశాలు ఏవైనా కానివ్వండి, 2012 జూన్‌లో మళ్లీ జనం దగ్గరకెళ్లారు. 18 చోట్ల ఉపఎన్నికలు జరిగితే 15 జగన్ గారి పార్టీ గెలిచింది. ఆ చట్టం అంతవరకు పనిచేసింది. కానీ 2014 తర్వాత అదే పార్టీ నుంచి 23 మంది అధికార పార్టీలో చేరితే ఒక్కరి సభ్యత్వమూ పోలేదు. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. సభలో ప్రతిపక్షం బెంచీ మీద గెలిచి, ఎన్నిక లేకుండా మంత్రివర్గం బెంచీ మీద కూర్చున్నారు. 1923 నుంచి లెక్కేసుకుంటే ఇంతకంటే పెద్ద అవమానం సభకు జరగలేదని నా అభిప్రాయం.

బాబాయి: ఇందులో నీతో తగాదా లేదు. కానీ శాసనమండలి మాటేంటి? 1958లో పెట్టారు, 1985లో తీశారు, 2007లో మళ్లీ తెచ్చారు. ఓడిపోయినవాళ్లకు ఆశ్రయం. డబ్బు దండగ.

అమ్మాయి: నేనూ అలాగే అనుకునేదాన్ని. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లును సెలెక్టు కమిటీకి పంపింది ఆ మండలే. అయిదు రోజుల్లో మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. 151 మంది బలం ఉన్న ప్రభుత్వానికి ఆ రోజున ఎదురు నిలిచింది 58 మంది సభ. 2021 నవంబరులో ఆ రాజధానుల చట్టమూ వెనక్కి తీసుకున్నారు, మండలి రద్దు తీర్మానమూ వెనక్కి తీసుకున్నారు. అమరావతికి భూములిచ్చిన రైతు గోడు విన్నది ఒక సభ. దాన్ని దండగ అనకండి.

బాబాయి: ఇంతా చేసి ఇప్పుడేమిటి? ప్రతిపక్షం సభకే రాదు. 2017లో జగన్ గారి పార్టీ బహిష్కరించింది. 2021లో చంద్రబాబు గారు ముఖ్యమంత్రిగానే వస్తానని వెళ్లిపోయారు. 2024లో 175కి 164 ఒకవైపు, 11 మరోవైపు. ఆ పదకొండు మందీ ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంటారు. మన జగ్గయ్యపేట 2014లో తెలుగుదేశాన్ని, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌ని, 2024లో మళ్లీ తెలుగుదేశాన్ని గెలిపించింది. ఓటరు తన పని తాను చేస్తున్నాడు. సభ్యుడు తన పని చేయడం లేదు. అలాంటప్పుడు పనయ్యేది మంత్రివర్గంతోనే అనక ఏమనాలి?

అమ్మాయి: సభ పనిచేయడం లేదు కాబట్టి మంత్రివర్గం చాలనడం, మోటారు చెడిపోయింది కాబట్టి బావి పూడ్చేద్దామన్నట్టుంది బాబాయ్. 2021 మే 20న రెండు లక్షల కోట్లు దాటిన బడ్జెట్‌ను ఒక్క రోజులో పెట్టారు, ఆ రోజే ఆమోదించారు. కరోనా అన్నారు, ప్రతిపక్షం రాలేదు. ఒక్క రోజులో మన ఎడమ కాలువ మరమ్మతుకు ఎంత రాశారో ఎవరైనా అడిగారా? పోలంపల్లి ఆనకట్ట కింద రైతుల గురించి ఒక్క ప్రశ్న పడిందా? రాజ్యాంగం అడిగేది రెండు సమావేశాల మధ్య ఆరు నెలల వ్యవధి దాటకూడదని మాత్రమే. ఆ కనీసాన్నే గరిష్ఠం చేసుకున్నాయి ప్రభుత్వాలు, పార్టీ ఏదైనా సరే.

బాబాయి: మరి నువ్వు ఏం చేయమంటావు? సభ గొప్పదని చెప్పావు, బాగుంది. రేపు పొద్దున మన ఊళ్లో ఎవరైనా చేయగలిగిన పని ఒకటి చెప్పు.

అమ్మాయి: చెబుతాను. మంత్రివర్గం సైజుకు చట్టం వచ్చింది. 2003లో 91వ సవరణతో సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదన్నారు, కాబట్టి మన దగ్గర ముఖ్యమంత్రితో కలిపి 26. అంజయ్య గారి 61 మళ్లీ రావు. అలాగే సభ ఇన్ని రోజులు కూర్చోవాలని కూడా చట్టం రావాలి. రాజ్యాంగ పనితీరును సమీక్షించిన జాతీయ సంఘం 2002లోనే చెప్పింది, 70 మందికి పైగా సభ్యులున్న సభ ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని. ఓటడగడానికి ఎవరొచ్చినా, ఏ జెండా పట్టుకొచ్చినా, మనం వేయాల్సిన ప్రశ్నలు మూడే. ఏడాదిలో ఎన్ని రోజులు సభకెళ్లావు? మా కాలువ గురించి ఎన్ని ప్రశ్నలు వేశావు? తొంభై రోజుల చట్టానికి ఓటేస్తావా?

బాబాయి: మంత్రివర్గానికి కుదురుండాలన్న మాట నేను వదులుకోను. కానీ ఆ మూడు ప్రశ్నలూ నేనూ అడుగుతాను.

అమ్మాయి: మీరొక్కరే కాదు బాబాయ్, వత్సవాయి, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు మూడు మండలాల్లో ప్రతి గ్రామసభలో అడగాలి. ఇది చదివినవాళ్లు తమ ఊళ్లోనూ అడగాలి.